సమస్యలు లేని కాలనీ

మా చెల్లెలంటే నాకు కుళ్ళు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు యాభై నాలుగేళ్ళు పట్టింది. నగల దగ్గరో ఆస్తి దగ్గరో అయితే ఎవరికైనా చెప్పుకోవచ్చు, అక్కాచెల్లెళ్ళ మధ్య మామూలే అంటారు. నాది అట్లాంటిది కాదు. పోలీసులూ స్థానికులూ కలిసి పనిచేయడానికి సర్కారు ఇచ్చే గ్రాంటు ఒకటి, సూర్యాపేటలో మా కాలనీకి రాకుండా కోదాడలో దాని బస్తీకి పోయింది. అక్కడ మొదలైంది. ఆ తర్వాత మిర్యాలగూడలో ఉండే నా కూతురు, తన కష్టం నాకు చెప్పకుండా పోయి దానికి చెప్పుకుంది. గ్రాంటు సంగతైతే ఎప్పటికైనా మరచిపోయేదాన్ని. కూతురు నన్ను దాటిపోవడం మరవలేక ఇది రాస్తున్నాను.

మేమిద్దరం నడిగూడెంలో పుట్టాం. ఆరేళ్ళ తేడా. అమ్మా నాన్నా నాట్లకూ కోతలకూ పోయి మమ్మల్ని బడికి పంపారు. నేను చదివాను. అది బడికి పోయొచ్చింది, అంతే. నాకు బీఈడీ, సర్కారు బడిలో ఉద్యోగం, సూర్యాపేటలో సొంతిల్లు. అది పదో తరగతి రెండోసారికి గట్టెక్కి, కోదాడలో పెళ్ళి చేసుకుని, అంగన్‌వాడీలో చేరింది. ఇంట్లో దరఖాస్తు రాయాలన్నా, ఆఫీసరు ముందు నిలబడి మాట్లాడాలన్నా నన్నే పిలిచేవారు. చెల్లెల్ని పిలిచేది వంటింట్లోకి, లేదంటే ఎవరి పిల్లో ఏడుపు ఆపకపోతే ఎత్తుకోవడానికి. అట్లాంటిది, కోదాడలో ఇప్పుడు చిన్నా పెద్దా దాన్ని టీచరమ్మా అంటారు. మొదటిసారి ఆ పిలుపు విని నన్నే అనుకుని వెనక్కి తిరిగాను. పిలిచినామె నా పక్క నుంచే పోయి దాని చేతులు పట్టుకుంది.

మా మధ్య ఇంకో తేడా ఉంది. నడిగూడెం చర్చిలో ఆదివారం వాక్యం అయిపోయాక, ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళు లేచి నిలబడి చెప్పుకునేవారు. గేదె పాలివ్వడం లేదనీ, కొడుకు మాట వినడం లేదనీ. నేను ఒక్కసారి కూడా లేవలేదు. మా ఇంటి సంగతి నలుగురికీ ఎందుకు? అది మాత్రం పదేళ్ళప్పుడే లేచి, "మా నాయిన నిన్న తాగొచ్చి అన్నం గిన్నె తన్నిండు, ప్రార్థన చేయుండ్రి" అంది. నాన్న ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇంటికి వచ్చాక దాన్ని కందిపోయేలా గిల్లాను. ఆ తర్వాత చాలా రోజులు నాన్న తాగలేదు. ఆ సంగతి అందరూ గమనించారు, నేను మాత్రం గమనించనట్టే ఉన్నాను.

ఇక గ్రాంటు దగ్గరికి వస్తాను. పోయినేడు వానాకాలంలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం తిరిగింది. కాలనీవాళ్ళు కమిటీగా ఏర్పడాలి, తమ దగ్గర ఏం సమస్యలున్నాయో, పోలీసులతో కలిసి ఏం చేయదలచుకున్నారో రాసి ఠాణాలో ఇవ్వాలి. బాగున్నవాటిని ఎంపిక చేసి డబ్బిస్తారు, పోలీసులు మనిషిని కేటాయిస్తారు. కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. గ్రూపులో అందరిదీ ఒకటే మాట, టీచరమ్మ రాస్తే ఇగ తిరుగుండదని. నాకు ఎంత సంతోషమైందంటే, అదే రోజు పోయి కొత్త పెన్ను కొనుక్కున్నాను.

ఆదివారం సాయంత్రం అధ్యక్షుడి ఇంటి వరండాలో కూర్చున్నాం. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది, కాలనీలో అమ్మకానికి పెట్టిన ప్లాట్లూ ఉన్నాయి. మొదటి సమస్య మెడలో గొలుసులు తెంపుకుపోవడం. మా వీధిలోనే రెండుసార్లు జరిగింది. రాయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది రాస్తే రేపు గీడ ప్లాటెవడు కొంటడు టీచరమ్మా?"

సరేనని కొట్టేశాను. రెండోది, నీళ్ళ ట్యాంకు వెనక మందు తాగే కుర్రాళ్ళు. వాళ్ళలో ఇద్దరు అక్కడ కూర్చున్న ఒక పెద్దమనిషి మనవలు. "పోరగాండ్లు, ఏదో సరదాకు కూసుంటరు" అన్నాడాయన. అదీ పోయింది. చివరి ఇంటాయన పెళ్ళాన్ని కొట్టే సంగతి అందరికీ తెలుసు. కానీ ఆయన అక్క, అంటే అధ్యక్షుడి భార్యే, మాకు అందరికీ టీ అందిస్తూ ఉంది, ఆ మాట ఎవరి నోటిదాకా కూడా రాలేదు. ఇంకొకామె గొంతు తగ్గించి, "మా పిల్లకు సంబంధాలు వస్తున్నయి. కాలనీల గిట్ల లొల్లులున్నయని సర్కారు కాగితంలనే ఉంటే, చూడొచ్చినోళ్ళు ఏమనుకుంటరు?" అంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపడమే కాదు, నాకు అది చాలా న్యాయంగా అనిపించింది.

ఇంటికి వచ్చి రాశాను. మా కాలనీ ప్రశాంతతకూ క్రమశిక్షణకూ నిలయం. ఇక్కడి నివాసులు విద్యావంతులు, ఉద్యోగస్థులు, శాంతికాముకులు. సమస్యలు అని ఉన్న గడిలో, ఎటువంటి సమస్యలూ లేవు అని నా అందమైన దస్తూరీలో రాసి, కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. పెళ్ళి సంబంధానికి పంపే బయోడేటాలో పిల్లకు ఏ జబ్బూ లేదని రాసినట్టే ఉంది అది. జెండా పండుగ ఫోటోలు, మొక్కలు నాటిన ఫోటోలు అతికించాను. అందరం కలిసి ఠాణాకు పోయి, సీఐ గారికి శాలువా కప్పి, దరఖాస్తు ఇచ్చాం. ఆయన పేజీలు తిప్పి, ఆ గడి దగ్గర ఆగాడు.

"సమస్యలేం లేవా అమ్మా?"

"లేవు సార్. మా కాలనీ అట్లాంటిది."

ఆయన నవ్వి, మంచిదమ్మా అన్నాడు. ఆ నవ్వును నేను మెచ్చుకోలు అనుకున్నాను.

అదే వారం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా చీటీలు. కోదాడలో వాళ్ళ బస్తీ తరఫున అదీ దరఖాస్తు పెడుతుందట. అంగన్‌వాడీలో నెలకోసారి పిల్లల్ని తూకం వేస్తారు కదా, ఆ రోజు తల్లులందరూ వస్తారు. ఒక ఖాళీ పిండి డబ్బా మూతకు సందు కోసి పెట్టిందట. రాయడం వచ్చినవాళ్ళు పేరు లేకుండా రాసి అందులో వేశారు. రానివాళ్ళు పిల్లను తూకం మీద పెడుతూ దీని చెవిలో చెప్పారు, ఇది రాసి వేసింది. పిల్ల బరువు తగ్గితే, ఇంట్లో ఏమైంది అని అడగడం దానికి ముందు నుంచీ అలవాటే. అడిగితే వాళ్ళు చెప్పడమూ అలవాటే.

"అక్కా, నీ అక్షరాలు ముత్యాల్లెక్క ఉంటయి కదా. జర ఇవన్నీ నువ్వు రాసిపెడతావా? నాది చూస్తే ఆఫీసర్లు నవ్వుతారు" అంది. ఆంధ్రా సరిహద్దు కోదాడ నీళ్ళు తాగాక దాని మాటకు అటు యాసా ఇటు యాసా రెండూ అంటుకున్నాయి.

చీటీలు చదివాను. మా ఆయన నా ఫోను లాక్కుంటడు. కిరాణం కాడ ఒకడు రోజూ ఎంట పడతడు. అత్త నాకు అన్నం మిగలనియ్యదు. ఠాణాకు పోతే బస్తీ మొత్తం చూస్తది, పోకుంటే ఇంట్ల బతకలేను. చదువుతుంటే నాకు ఎవరి ఇంట్లోకో దొడ్డిదారిన పోయినట్టనిపించింది.

"ఇవి దరఖాస్తుల రాసే మాటలేనా? మీ బస్తీ ఇజ్జత్ మొత్తం తీస్తున్నవ్."

"ఉన్నదే కదక్కా."

"ఉన్నదంతా రాస్తరా? అక్షరాలు బాగుంటే సాలదు. రాసే సంగతి గూడ బాగుండాలె."

అది చీటీలు మళ్ళీ కవర్లో పెట్టుకుంది. అన్నం తిని, అందరి పళ్ళేలూ కడిగి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. తర్వాత తనే రాసుకుందట, వరసలు కిందికి జారిపోయే ఆ రాతతోనే.

ఫలితం నాకు పేపర్లో కనిపించింది. జిల్లా పేజీలో ఫోటో. ఎస్పీ గారి పక్కనే మా చెల్లెలు, నా దగ్గర అడిగి తీసుకుపోయిన చీరలో. ఇద్దరి మధ్య ఒక్క మనిషి కూడా లేడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, ఎదుటివాళ్ళు ఎక్కడ చురుక్కుమంటారో ఆయనకు బాగా తెలుసు. ఆ ఫోటో కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు.

"మీ చెల్లె పేపర్ల వడ్డది, సూసినవా?"

"చూసిన. చీర నాది" అన్నాను.

నా కడుపు ఎంత మండిందంటే, రెండు రోజులు ఫ్రిజ్ తలుపు తీయడమే మానేశాను. చన్నీళ్ళు కావాలంటే ఖాళీగా ఉన్న కూతురి గదిలో కుండలోవి తాగాను. ఆ తర్వాత ఠాణా దగ్గర హెడ్ కానిస్టేబుల్ కనబడితే, మా దరఖాస్తు సంగతి అడిగాను. ఆయన ఏ వెటకారమూ లేకుండా చెప్పాడు.

"మీకు అక్కర లేదని మీరే రాసిండ్రు గద టీచరమ్మా. సమస్యల్లేని కాడ మేం చేసేదేముంటది?"

దసరా అయ్యాక కోదాడలో గది తెరిచారు. అంగన్‌వాడీని ఆనుకుని ఉన్న పాత గదికి రంగులు వేయించి, కుర్చీలు వేశారు. వారంలో రెండు రోజులూ, రెండో శనివారమూ ఒక మహిళా కానిస్టేబుల్ యూనిఫాం లేకుండా, పంజాబీ డ్రెస్సులో వచ్చి కూర్చుంటుంది. ఠాణా మెట్లెక్కలేనివాళ్ళు పిల్లను అంగన్‌వాడీకి తీసుకుపోతున్నట్టు వచ్చి, అక్కడ చెప్పుకుపోవచ్చు. కేసు కావాలంటే కేసు, వద్దంటే పిలిచి మాట్లాడటం. ప్రారంభానికి చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది. బడిలో పరీక్షలన్నాను. పరీక్షలేవీ లేవు. అందరూ దాన్ని మెచ్చుకునే చోట, పక్కన నిలబడి నవ్వుతూ ఉండే ఓపిక నాకు లేకపోయింది.

ఇప్పుడు నా కూతురి సంగతి. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. రెండేళ్ళ కిందట పెళ్ళయింది. అల్లుడు రైసు మిల్లులో సూపర్‌వైజరు. ఆమెను రోజూ బండి మీద దింపుతాడు, తీసుకుపోతాడు. దింపి వెళ్ళిపోడు. వీలున్నప్పుడల్లా వచ్చి ల్యాబుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుంటాడు. మా కాలనీలో నేను చెప్పుకోని ఇల్లు లేదు, అల్లుడంటే అట్లా ఉండాలని. భార్యను విడిచి గంట ఉండలేడని నవ్వుతూ చెప్పేదాన్ని. విన్నవాళ్ళ కళ్ళల్లో కొంచెం కుళ్ళు కనిపిస్తే, నాకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగేది.

క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు, వంటింట్లో నా పక్కన నిలబడి నా కూతురు అంది.

"అమ్మా, ఆయన రోజూ వచ్చి గాడ కూసుంటడే."

"అదృష్టవంతురాలివి. మీ నాయిన ఒక్కరోజన్న నా బడి గేటు కాడికొచ్చిండా?"

ఆమె కేకు డబ్బా మూత తీసింది. తర్వాత, ఫోన్ గూడ చూస్తడు అంది. పెళ్ళయిన కొత్తల అందరు మొగోళ్ళు అంతేనని, కేకు కోయమని ఆమె చేతికి చాకు ఇచ్చాను. ఆమె కోసింది. ముక్కలన్నీ ఒకే కొలతలో, చక్కగా. నేను అది కూడా మెచ్చుకున్నాను.

జనవరి నుంచి కొత్త సంగతి మొదలైంది. మా చెల్లెలికి షుగరొచ్చిందట, నెలకోసారి రెండో శనివారం నా కూతురు కోదాడ పోయి రక్తం తీస్తోందట. అల్లుడు ఒప్పుకోవడానికి, చెల్లెలే అతనికి ఫోన్ చేసి, పిల్లను బస్సెక్కించి వీడియో కాల్ చేయిస్తానని మాటిచ్చిందట. ఇది విన్నాక నాకు ఫ్రిజ్ మీది ఫోటో ఒక లెక్క కాకుండా పోయింది. నాకు ఆరేళ్ళుగా షుగరు. నా సొంత కూతురు ఒక్కసారి కూడా నాకు సూది గుచ్చలేదు. సూర్యాపేటలో ల్యాబులు లేవా అని అడుగుతుంది నన్ను. మరి కోదాడలో లేవా? ఈ ప్రశ్న నెలల తరబడి నాలో తిరిగింది, ఎవరినీ అడగలేదు. అడిగితే కుళ్ళని తెలిసిపోతుంది.

ఏప్రిల్‌లో రెండో శనివారం బడికి సెలవు. జామకాయలు కొనుక్కుని, కొత్త బస్టాండులో కోదాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. దారి పొడుగునా, చెల్లెల్ని ఏమనాలో మాటలు వరసగా పేర్చుకున్నాను. గదిని చూసినట్టూ ఉంటుంది, కూతుర్ని పట్టుకున్నట్టూ ఉంటుంది.

గది ముందుకు పోగానే తప్పులు వెతకడం మొదలుపెట్టాను. గోడ రంగు కళ్ళలో పొడిచేలా ఉంది. కుర్చీలు తలా ఒక రంగు. బయట బెంచీకి ఒక కాలు పొట్టి, కింద ఇటుక ముక్క పెట్టారు. నాకు కొంచెం హాయిగా అనిపించింది. మా చెల్లెలు నన్ను చూసి మొదట నవ్వి, తర్వాత లోపలికి ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు చూసింది.

"అక్కా, ఫోన్ చేసి రావొద్దా?"

"చెల్లె ఇంటికి రావడానికి గూడ ఫోన్ కావాల్నా? షుగరెట్లుంది?"

అది జవాబు చెప్పేలోగా లోపలి నుంచి నా కూతురు బయటికి వచ్చింది. చేతిలో సూది లేదు, రక్తం తీసే పెట్టె లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. అప్పుడు నేను అడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

"అల్లుడు రాలేదా?"

ఆమె మా చెల్లెలి వైపు చూసింది, ఏం చేయను పిన్నీ అన్నట్టు. కన్నతల్లి ఎదురుగా ఉండగా చూపు అటు పోయింది. గదిలోకి అడుగు పెట్టబోతే, లోపల కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది. పంజాబీ డ్రెస్సు, మెడలో సన్నటి గొలుసు. ఆమే కానిస్టేబుల్. మర్యాదగానే చెప్పింది.

"అమ్మా, మాట్లాడేటప్పుడు ఇంటోళ్ళు లోపల ఉండొద్దండి. ఆమె రమ్మంటేనే రావాలి."

నేను నా కూతురి వైపు చూశాను. ఆమె రమ్మనలేదు. మా చెల్లెల్ని కూడా లోపలికి రానివ్వలేదు, అదొక్కటే నాకు ఊరట. తలుపు దగ్గరగా వేశారు. నేను పోయి బెంచీ మీద కూర్చున్నాను.

కిటికీ తెరిచే ఉంది. మాటలు వినబడవు, మనుషులు కనబడతారు. నా కూతురు మాట్లాడుతోంది. చేతులు తిప్పుతూ, ఒకసారి బల్ల మీద తడుతూ, ఒకసారి నవ్వుతూ కూడా. నా ముందు ఆ చేతులు ఎప్పుడూ అట్లా కదలలేదు. నా ముందు ఆమె చేతులకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది, కూర తరగడమో గిన్నెలు తుడవడమో. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయికి అంత చెబుతోంది. ఏం చెబుతోంది? నా గురించేనా? నేను మెడ చాచి కిటికీలోకి చూస్తూ, ఆమె పెదవులు కదిలినప్పుడల్లా ఏ మాటై ఉంటుందోనని వెతుకుతూ, అరగంట కూర్చున్నాను. అప్పుడు తట్టింది. మిర్యాలగూడలో ల్యాబుకు ఎదురుగా కూర్చునే మనిషి చేసే పనీ ఇదే కదా. ఆమె ఎవరితో మాట్లాడుతోంది, ఎందుకు నవ్వింది, నాతో ఎందుకు అట్లా నవ్వదు. నేను చప్పున లేచి అంగన్‌వాడీ లోపలికి పోయాను.

మా చెల్లెలు అక్కడ పిల్లల పళ్ళేలు సర్దుతోంది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"జనవరి నుంచి."

"నాలుగు నెలలు! నాకు ఒక్క మాట చెప్పాలని లేదా? నేను తల్లిని."

"అక్కా, ఎవరి మాట వాళ్ళది. చెప్పాలంటే అదే చెప్పాలి. ఇక్కడికి వచ్చినోళ్ళ ముచ్చట నేను మా ఆయనకు గూడ చెప్పను."

"నీకు మాత్రం ఎందుకు చెప్పింది?"

అది పళ్ళెం కింద పెట్టింది. గొంతు పెంచలేదు. గొంతు పెంచితే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

"నీకు చెప్పింది కదక్కా, క్రిస్మస్‌కు. నువ్వు అల్లుణ్ణి మెచ్చుకున్నావట. మళ్ళీ చెప్తే మళ్ళీ మెచ్చుకుంటావని భయపడింది."

బస్సులో పేర్చుకుని వచ్చిన మాటలన్నీ ఏమయ్యాయో తెలియదు. జామకాయల సంచి ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని అక్కడ పెట్టి, షుగరు సంగతి అబద్ధమేనా అని మాత్రం అడిగాను. అబద్ధమే అంది. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. చెల్లెలికి జబ్బు లేదన్న సంతోషం కాదు అది, నా కూతురు దానికి సూది గుచ్చలేదన్న సంతోషం. నా బుద్ధి అట్లాంటిది మరి.

మధ్యాహ్నం అన్నం కూడా అక్కడ సరిగ్గా తినలేదు నేను. బస్టాండులో మిర్యాలగూడ బస్సు రాగానే, మా చెల్లెలు వీడియో కాల్ చేసి అల్లుడికి బస్సునూ పిల్లనూ చూపించింది. నేను ఫోన్లో పడకుండా పక్కకు జరిగాను. కాల్ అయిపోయాక, నా కూతురి వెనకే నేనూ ఎక్కాను.

"అమ్మా, నీ బస్సు అటు."

"నేనూ వస్తున్న."

ఆమె కిటికీ పక్కకు జరిగింది. హుజూర్‌నగర్ దాకా ఇద్దరం మాట్లాడలేదు. ఆమె నా వైపు చూసి ఏదో అనబోయి ఆగిపోవడం రెండుసార్లు గమనించాను. మామూలుగా అయితే నేనే అందుకుని, ఏమైంది, ఎందుకైంది, నువ్వేమన్నవ్, అట్లా అనకుండా ఉండాల్సింది అని వరసగా తీసుకునేదాన్ని. ఆ రోజు నాకు నోరు రాలేదు. హుజూర్‌నగర్ బస్టాండులో సగం బస్సు దిగిపోయాక, ఆమె మొదలుపెట్టింది.

ఫోను రోజూ రాత్రి తీసుకుని ఎవరెవరు చేశారో చూస్తాడట. ల్యాబులో పనిచేసే అబ్బాయితో శాంపిల్ గురించి మాట్లాడితే, ఇంటికి పోయాక ఆ మాటలన్నీ తిరిగి చెప్పమంటాడట. చెప్పినదాంట్లో ఒక్క ముక్క తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఒకరోజు వంటింట్లో గోడకు నెట్టాడట. భుజం దగ్గర కమిలిందట. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ కమిలిన మచ్చ ఇంకా ఉందట. వచ్చే వారం కానిస్టేబుల్ అతన్నీ అతని అన్ననూ గదికి పిలుస్తుందట. వాళ్ళ ముందు ఏం చెప్పాలో ఆమె కాగితం మీద రాసుకుంది. అతను మారితే సరే, మారకపోతే కేసు పెట్టి బయటికి వస్తానంది. అంతా ఆమే అనుకుంది, నన్ను ఏదీ అడగలేదు.

ఆమె ఎంత చక్కగా చెప్పిందంటే, ఎక్కడా గొంతు పూడలేదు, మాట తడబడలేదు. ఏది ముందు ఏది తర్వాత అన్నది ఆమెకు కుదిరిపోయి ఉంది. చాలాసార్లు చెప్పిన మాటలవి. మొదటిసారి చెప్పినప్పుడు ఏడ్చి ఉంటుంది, మధ్యలో ఆగి ఉంటుంది, ఎవరి చెయ్యో పట్టుకుని ఉంటుంది. ఆ చెయ్యి మా చెల్లెలిది. నాకు అందింది, ఏడుపంతా అయిపోయాక మిగిలిన మాట. ఆమె భుజం గురించి చెబుతుంటే కూడా, నా గుండెలో అల్లుడి మీద కోపం కంటే మా చెల్లెలి మీద కుళ్ళే ముందు లేచింది. నోరు తెరిస్తే అదే బయటికి వస్తుందని తెలుసు. పళ్ళు బిగించి, ఎదుటి సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. నేరేడుచర్ల దాటేదాకా ఆమె చెప్పింది, నేను విన్నాను.

చెప్పడం అయిపోయాక, ఆమె నా చెయ్యి ఆ కడ్డీ మీంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"మధ్యల ఒక్క మాట గూడ అనలేదు నువ్వు. ఇట్ల వింటవని తెలిస్తే, ముందుగాల నీకే చెప్తుంటి గదమ్మా" అంది.

ఎందుకు నోరు మూసుకున్నానో నేను ఆమెకు చెప్పలేదు.